మద్దెల మార్చిన మర్నాడు

ఫుట్‌బాల్ లోకంలో కోచ్ ఉద్యోగం ఊడిన రోజున జరిగే తంతు ఒకటుంది. మధ్యాహ్నానికల్లా క్లబ్ నాలుగు వాక్యాల ప్రకటన ఇస్తుంది. సాయంత్రానికి జట్టులోని స్టార్ ఆటగాడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫొటో పెడతాడు. ఇద్దరూ నవ్వుతున్న ఫొటో, ఏ రెండేళ్ల కిందటిదో వెతికి తీసింది. కింద "అన్నిటికీ థాంక్యూ బాస్" అని ఒక ముక్క, జోడించిన చేతుల బొమ్మ. వారం తిరక్కుండా అదే ఆటగాడు మైకు ముందుకొస్తాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో గాలి మారిందంటాడు, ట్రెయినింగ్‌కి వెళ్లాలంటే హుషారుగా ఉందంటాడు, ఇప్పుడే స్వేచ్ఛగా ఆడుతున్నామంటాడు. మొదటిది సంతాపం, రెండోది గృహప్రవేశం. మధ్యలో పెద్దకర్మ దాకా కూడా ఆగరు. వినేవాళ్లు దీన్ని పాత కోచ్ మీద తీర్పుగా వింటారు. నాకు మాత్రం ఇది ఆటగాడు తన చేత్తో రాసిచ్చిన నేరాంగీకార పత్రంలా కనిపిస్తుంది. ఆయన వెళ్లిన మర్నాటి నుంచి బాగా ఆడుతున్నానన్న మాట కడుపులో, ఆయన ఉన్నన్నాళ్లూ ఇలా ఆడలేదన్న మాట ఉంది. ఎందుకు ఆడలేదయ్యా అని ఎవరూ అడగరు. అప్పటికే మూడు గోల్స్ పడి ఉంటాయి మరి.

ఈ విద్యకు పాఠ్యపుస్తకం పాల్ పోగ్బా. 2016లో మాంచెస్టర్ యునైటెడ్ అతన్ని 8.9 కోట్ల పౌండ్లకు కొన్నది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. అప్పుడు కోచ్ జోసె మౌరిన్యో. రెండేళ్లు తిరిగేసరికి ఇద్దరికీ చెడింది. 2018 సెప్టెంబరులో సొంత మైదానంలో వుల్వ్స్‌తో 1-1 డ్రా అయ్యాక, మన ఇంట్లో ఆడేటప్పుడు అటాక్, అటాక్, అటాక్ అన్నట్టుండాలని పోగ్బా విలేకరులకు చెప్పాడు. ఆ తర్వాత కోచ్ వైస్ కెప్టెన్సీ పీకేశాడు. డిసెంబరు 16న లివర్‌పూల్ చేతిలో 3-1తో ఓడిన మ్యాచ్‌లో రికార్డు ధర పలికిన ఆటగాడు ఆసాంతం బెంచీ మీదే ఉన్నాడు. రెండు రోజులకు మౌరిన్యోని సాగనంపారు. ఆ వార్త ఇంకా వేడిగా ఉండగానే పోగ్బా ఖాతాలో ఓరచూపు, ముసిముసి నవ్వుతో ఒక ఫొటో వెలిసింది. దీనికి వ్యాఖ్య రాయండి అని పిలుపు. కాసేపట్లో మాయమైంది. అది ముందే టైము పెట్టి ఉంచిన ప్రచారమనీ, దురుద్దేశమేమీ లేదనీ తర్వాత వివరణ వచ్చింది. నమ్ముదాం. టైమర్లకి కూడా హాస్యప్రియత్వం ఉంటుందనుకుంటే పోయేదేముంది!

ఇక అద్భుతం మొదలైంది. ఓలే గున్నార్ సోల్‌షేర్ తాత్కాలిక కోచ్‌గా వచ్చిన నాలుగో రోజున కార్డిఫ్ మీద 5-1. తర్వాత హడర్స్‌ఫీల్డ్ మీద పోగ్బా రెండు గోల్స్, బోర్న్‌మత్ మీద మరో రెండు. మొదటి ఎనిమిది మ్యాచ్‌లూ గెలిచారు. కొత్త కోచ్ నవ్వుతాడని, భుజం తడతాడని, ముందుకెళ్లి ఆడమంటాడని పత్రికలు పేజీలు నింపాయి. మార్చి వచ్చేసరికి, ఆయన్నే ఉంచాలని కోరుకుంటున్నామని పోగ్బా బాహాటంగా చెప్పాడు. మార్చి 28న క్లబ్ మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. (ఆ వసంతంలో అందరికీ గుర్తుండిపోయిన గెలుపు పారిస్‌లో వచ్చింది. 3-1తో గెలిచిన ఆ రాత్రి పోగ్బా సస్పెన్షన్‌లో ఉన్నాడు. ఈ సంగతి చెప్పడం సభ్యత కాదేమో.) కాంట్రాక్టు ఖాయమయ్యాక మిగిలిన పది మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండు. సీజన్ చివరి రోజు, మే 12న, సొంత మైదానంలో 0-2తో ఓడారు. ఓడించింది అప్పటికే కింది లీగ్‌కి జారిపోవడం ఖాయమైన కార్డిఫ్. ఏ జట్టు మీద అయిదు గోల్స్‌తో శకం మొదలైందో ఆ జట్టే. మౌరిన్యోని పంపిననాడు యునైటెడ్ ఆరో స్థానంలో ఉంది. సీజన్ ముగిసేనాటికీ ఆరో స్థానమే. జూన్‌లో టోక్యోలో ఉన్న పోగ్బా, ఇంకో చోట కొత్త సవాలు వెతుక్కునే సమయం వచ్చిందేమో అన్నాడు. తను కావాలని కోరుకున్న కోచ్‌కి కాంట్రాక్టు దక్కి అప్పటికి మూడు నెలలు కాలేదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మనకు సామెత. అలా అన్నవాడు అమాయకుడు. మద్దెల మార్చి ఇచ్చినా ఆడలేడని వాడికి తెలుసు, చూసేవాళ్లకీ తెలుసు. ఇక్కడి కథ వేరు. మద్దెల మార్చగానే ఎనిమిది ప్రదర్శనలు రంభలా ఆడి, ఆరో నెలలో ఇదీ ఓడేనేమో అని సందేహం వెలిబుచ్చే నర్తకుణ్ని సామెత కట్టినవాళ్లు ఊహించలేదు. ఆడలేనివాణ్ని క్షమించవచ్చు. ఆడగలిగీ ఆడనివాడు డబ్బు తీసుకున్నాడా లేదా అన్నది వెంటనే వచ్చే ప్రశ్న.

కోచ్‌కి అసలు ప్రభావమే లేదంటావా అని అభ్యంతరం రావచ్చు. అననే అనను. మౌరిన్యో పెద్దమనిషి తరహా మనిషి కాదు. ఆటగాళ్లను నలుగురిలో నిలదీయడం ఆయనకు అలవాటు. ఆయన కోసం కన్నీళ్లు కార్చే పని కూడా లేదు, ఆయన్నీ ఆయన సిబ్బందినీ పంపడానికి క్లబ్‌కి 1.96 కోట్ల పౌండ్లు ఖర్చయింది. పద్ధతి మారితే ఆట మారడం నిజం. వెనక నిలబడి కాపలా కాసే పనిలో పెట్టిన మిడ్‌ఫీల్డర్‌ని ముందుకు వదిలితే గోల్స్ వస్తాయి. కానీ పద్ధతి వల్ల వచ్చిన మార్పు పద్ధతి ఉన్నన్నాళ్లూ ఉండాలి కదా? అదే కోచ్, అదే ఆటగాళ్లు, అదే నవ్వు, అదే భుజం తట్టడం. ఏప్రిల్‌కల్లా ఫలితం మాత్రం ఆవిరి. అంటే డిసెంబరులో పనిచేసింది కొత్త వ్యూహం ఒక్కటే కాదు. పాతాయన తప్పని రుజువు చేయాలన్న పట్టుదల కూడా. పట్టుదల మంచిదే. అది కోచ్ కుర్చీ ఖాళీ అయినప్పుడే ఎందుకు పుడుతుందన్నదే పేచీ.

లెక్కల మనిషి ఒకాయన ఈ గాలిబుడగను ఇంకో వైపు నుంచి పొడిచాడు. డచ్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ తమ దేశపు పెద్ద లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన మార్పులన్నీ ముందు పెట్టుకుని చూశాడు. కోచ్‌ని మార్చిన జట్లు తర్వాత కోలుకున్న మాట నిజమే. అయితే అంతే లోతున పడిపోయి కూడా కోచ్‌ని మార్చని జట్లూ దాదాపు అదే తీరున కోలుకున్నాయి. కోచ్‌ని పంపేది జట్టు అడుగంటినప్పుడే. అడుగు తాకినవాడికి మిగిలిన దారి పైకే. జలుబుకి మందేస్తే వారంలో తగ్గుతుంది, వేయకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుంది. ఫుట్‌బాల్‌లో ఆ ఏడోరోజున మందు పేరు చెప్పి ఇంటర్వ్యూ ఇస్తారు.

మందు పారని రోగులూ ఉన్నారు. 2015 మేలో చెల్సీ ఇంగ్లండ్ విజేత, ఎడెన్ హజార్డ్ ఆ ఏటి మేటి ఆటగాడు. డిసెంబరుకి అదే జట్టు 16వ స్థానంలో ఉంది. లెస్టర్ చేతిలో ఓడాక నా పనికి ద్రోహం జరిగిందన్నాడు మౌరిన్యో (ఇక్కడా ఆయనే, ఈ వ్యాసానికి ఆయన రుణపడి ఉన్నాడో, వ్యాసమే ఆయనకు రుణపడి ఉందో తెలియదు). ఆయన్ని తీసేశాక జరిగిన తొలి మ్యాచ్‌లో అభిమానులు ముగ్గురు ఆటగాళ్లను ఎలుకలంటూ బ్యానర్ పట్టారు, అందులో హజార్డ్ పేరుంది. కోచ్ పీడ విరగడైంది కదా, ఇక గోల్స్ వర్షమే అనుకోవాలి. ఆ సీజన్ లీగ్‌లో హజార్డ్ తొలి గోల్ ఏప్రిల్ 23న పడింది. మౌరిన్యో వెళ్లిన నాలుగు నెలలకు! అతనికి గాయాలున్నాయి, అతను బద్ధకస్తుడని నేననను. తర్వాత తనే మౌరిన్యోకి క్షమాపణ సందేశం పంపానని చెప్పుకున్నాడు. ఈ తంతులో పాల్గొన్న స్టార్లలో అంత నిజాయితీ అరుదు కాబట్టి అతన్ని ఇంతటితో వదిలేద్దాం.

లెస్టర్‌ని వదలడానికి వీల్లేదు. 2016లో ప్రపంచం నోరెళ్లబెట్టేలా టైటిల్ గెలిపించిన క్లాడియో రానియెరీని తొమ్మిది నెలలకే, 2017 ఫిబ్రవరి 23న, తీసేశారు. ఆ ఏడు మొదలయ్యాక లీగ్‌లో లెస్టర్ అప్పటిదాకా ఒక్క గోల్ వేయలేదు. నాలుగు రోజుల తర్వాత లివర్‌పూల్ మీద 3-1 గెలుపు, జేమీ వార్డీకి రెండు గోల్స్. ఆయన్ని పంపించడంలో తన పాత్రేమీ లేదని వార్డీ గట్టిగా చెప్పాడు, కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. కుట్ర అవసరం కూడా లేదు. ఎనిమిది వారాల గోల్స్ కరువు నాలుగు రోజుల్లో తీరిందంటే, కాళ్లు గుట్టుచప్పుడు కాకుండా సెలవు పెట్టాయనుకోవాలి. వారసుడు క్రెయిగ్ షేక్‌స్పియర్ మొదటి అయిదు లీగ్ మ్యాచ్‌లూ గెలిచి, అక్టోబరుకల్లా తనూ ఇంటిదారి పట్టాడు.

ఆటగాళ్లూ మనుషులే, నచ్చని యజమాని కింద ఎవరు మనసు పెట్టి పనిచేస్తారని అంటారు. దీనికి బలముంది. పై అధికారి చికాకు పెడితే పని మందగించడం ప్రతి ఆఫీసులోనూ ఉన్నదే. అయితే డిపో మేనేజరు మొహం నచ్చలేదని బస్సుని సగం దారిలో ఆపే ఆర్టీసీ డ్రైవరు లేడు; ఆపినా, కొత్త మేనేజరు వచ్చాక గమ్యం చేర్చి, చూశారా పాతాయన ఎంత చెడ్డవాడో అని ప్రయాణికుల చేత చప్పట్లు కొట్టించుకోలేడు. అసలు మాట ధరలో ఉంది. ఎద్దు దున్నకపోతే కాడి మార్చే రైతు తెలివితక్కువవాడు కాడు, ఎద్దు మీద అప్పు తెచ్చాడు. తొమ్మిది కోట్ల ఆటగాణ్ని తప్పు పడితే ఆస్తి విలువ పడిపోతుంది. రెండు కోట్లతో కోచ్‌ని మారిస్తే విలువ నిలుస్తుంది. ఈ లెక్క ఆటగాడికీ తెలుసు. మనకూ ఇది కొత్తేం కాదు: 2017లో అనిల్ కుంబ్లే క్రికెట్ కోచ్ పదవి వదిలేస్తూ, తన పనితీరు మీద కెప్టెన్‌కి అభ్యంతరాలున్నాయని బోర్డు చెప్పిందని రాశాడు. ఆ రెండు కుర్చీల్లో ఏది ఖాళీ అవుతుందన్నదాని మీద పందెం కాసినవాడు ఎవడూ లేడు.

జిదాన్ సంగతేమిటి? 2016 జనవరిలో బెనితెస్‌ని తీసేసి రియల్ మాడ్రిడ్ ఆయన్ని తెచ్చింది, మేలో చాంపియన్స్ లీగ్ గెలిచింది, ఆపై మరో రెండుసార్లు వరసగా గెలిచింది. ఇది నిజమైన కోచింగ్, ఒప్పుకుంటున్నాను. మంచి కోచ్ దొరికితే ఆ మెరుగు మూడు సీజన్లు నిలిచింది, ఎనిమిది మ్యాచ్‌లు కాదు. నేనంటున్నదీ అదే.

క్రిస్టియానో రొనాల్డోది ప్రత్యేక శాఖ. ఆట దాచుకున్నాడన్న నింద అతని మీద నిలవదు. 2021-22లో యునైటెడ్ తరఫున అన్ని పోటీల్లో 24 గోల్స్ వేశాడు, ఎవరు కోచ్ అయినా వేశాడు. అతని పేచీ గౌరవంతో. మధ్యలో వచ్చిన రాల్ఫ్ రాంగ్నిక్ అసలు కోచే కాదన్నాడు, ఆ పేరే వినలేదన్నాడు. తర్వాతి ఎరిక్ టెన్ హాగ్ తనని గౌరవించడు కాబట్టి తనూ గౌరవించనన్నాడు. 2022 అక్టోబరులో టోటెన్‌హామ్ మ్యాచ్ ముగియకముందే లేచి వెళ్లిపోయాడు, నవంబరులో కాంట్రాక్టు రద్దయింది. టెన్ హాగ్‌ని కూడా 2024లో పంపేశారు కదా, రొనాల్డో మాటే నెగ్గింది కదా అంటారు అభిమానులు. రొనాల్డో వెళ్లిపోయిన ఆ సీజన్లోనే యునైటెడ్ మూడో స్థానంలో నిలిచి లీగ్ కప్ గెలిచింది. అతను చేరిన అల్ నస్ర్‌లో మూడేళ్లు తిరక్కుండా గార్సియా, కాస్త్రో, పియోలి అనే ముగ్గురు కోచ్‌లు వెళ్లిపోయారు. ఆ మూడు సీజన్ల లీగ్ టైటిళ్లూ వేరే క్లబ్‌లకు పోయాయి. ఇన్ని మద్దెలలు ఓడవడం చూస్తే, ఆ వీధిలో చర్మకారులందరి మీదా విచారణ వేయాలి.

క్లబ్‌లకు ఒక చిన్న సవరణ సూచిస్తున్నాను. కాంట్రాక్టులో బోనస్, ఫొటో హక్కుల నిబంధనల పక్కనే ఇంకొక గీత చేర్చాలి: కోచ్ మారిన నెలలో ఆటగాడి ఆట ఎంత మెరుగైతే, పాత కోచ్ ఉన్న చివరి నెలలో తను తీసుకున్న జీతంలో అంత వాటా వాపసు. ఇప్పుడు హాయిగా ఉంది అని మైకులో అంటే, ఆ వాక్యాన్నే రసీదుగా పరిగణించాలి. ఈ పద్ధతిలో పోగ్బా లెక్క తీస్తే, క్రిస్మస్ వారంలో హడర్స్‌ఫీల్డ్, బోర్న్‌మత్‌ల మీద వేసిన నాలుగు గోల్స్‌కి బాకీ తేల్చడం గుమాస్తాకి పది నిమిషాల పని. మే 12న కార్డిఫ్ చేతిలో ఓడిన మ్యాచ్‌ని మాత్రం ఏ పద్దు కింద రాయాలో తోచక పెన్ను పక్కన పెడతాడు. పాత కోచ్ వెళ్లి అయిదు నెలలు. కొత్తాయన్ని కోరి మరీ ఉంచుకున్నారు.