సంయుక్తానుభవము

ఆ సెల్‌ఫోను టవర్ల కంపెనీ ప్రకటనను మీరందరును చూచియే యుందురు గనుక దానిని మరల వర్ణించి మీ కాలమును, నా కాగితమును వ్యర్థపుచ్చను. నల్లకోట్లు తొడిగి, చేతులు ఱొమ్మున కట్టుకొని, కెమెరావైపు గాక దానికి రవంత యెడమగా ఎచ్చటనో నిలిచియున్న దేశభవిష్యత్తువైపు చూచుచున్న తొమ్మండుగురు పెద్దమనుష్యులు. ఒక్కొక్కరి క్రిందను ఒక్కొక్క బిరుదావళి. అన్నింటికిని అడుగున, దానశాసనము చివర శాపవాక్యము వలె, లావుపాటి అక్షరములలో ఒక్క వాక్యము: ‘మా నాయకబృందమునకు సంయుక్తముగా రెండువందల యేండ్లకు పైబడిన అనుభవము కలదు.’

ఈ మహావాక్యమును చదువుటకు నేను మా డాబా యెక్కవలసి వచ్చినది. మా సిరికొండలో టవరుకు కరెంటిచ్చు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి రెండు దినములైనందున, ధర్పల్లివైపు టవరు దయతలచి విదిలించు సిగ్నలు మా డాబామీద ఈశాన్యమూల, నీళ్లట్యాంకు ప్రక్కన, మూరెడు జాగాలో మాత్రమే దొరకుచుండెను. అచ్చట నిలువబడి చేయి పైకెత్తి పట్టుకొనగా టవర్ల కంపెనీ నాయకులు ఒక్కొక్కరుగా, మొదట నొసలు, పిదప కండ్లద్దములు, ఆపైన నున్నని పైపెదవి, ఈ వరుసను అవతరింపసాగిరి. ఏడవ పెద్దమనిషి గడ్డము కడకు వచ్చుసరికి అవతారము నిలిచిపోయెను. ఆయన ఏయే ఖండములలో ఏయే ‘పరివర్తనము’ గావించెనో నాకు మరునాటి మధ్యాహ్నమునకు గాని తెలియలేదు.

మా జిల్లా పేరులోనే నిజాము కూర్చుండియున్నాడు గనుక బిరుదముల సంగతి మాకొకరు నేర్పనక్కరలేదు. జంగ్ కంటె దౌలా ఎక్కువ, దౌలా కంటె ముల్క్ ఎక్కువ, దానిపై ఉమ్రా, అన్నింటికిని మీద జాహ్. ఇప్పుడు వైస్ ప్రెసిడెంటు, దానిమీద సీనియరు, ఆపైన ఎగ్జిక్యూటివు, శిఖరమున చీఫ్. భేదమొక్కటే. ఏ జంగునైనను ఏ దౌలానైనను నిలిపి, నీ జాగీరులో ఊళ్లెన్ని, వాని పేర్లేమని అడిగినచో, శిస్తు వసూలు కొరకైనను గుక్కతిప్పుకొనక చెప్పెడివాడు. ఈ తొమ్మిది బిరుదావళులలోను సింగపూరు ఉన్నది, దుబాయి ఉన్నది, లండను రెండుమార్లున్నది. టవరు నిలిచియుండు ఊరి పేరొక్కటియు లేదు.

ముగ్గురు మారథాను పరుగెత్తుదురట, దేనినుండియో వ్రాయలేదు. ఇద్దరు హార్వర్డు పూర్వవిద్యార్థులు. ఎన్ని వారములని అడుగరాదు. ఒకాయన భార్యతోను, ఇద్దరు బిడ్డలతోను, ఒక కుక్కతోను నివసించుచున్నాడు; సంతోషము.

నేను ఆగిపోయినది ‘సంయుక్తానుభవము’ అను మాటయొద్ద. ఇంకను అచ్చటనే యున్నాను. తొమ్మండుగురు ఒకే బండిలో నిజామాబాదు పోయి, ఒకే టాకీసులో ఒకే ఆట చూచి, తిరిగి వచ్చి ‘మేము తొమ్మిది సినిమాలు చూచితిమి’ అనినచో ఇంటిలోని ఆడవారు ఏమందురు? వీరు చేసినదియు అదియే గదా! తలకు రమారమి పాతికేండ్లు; ఆ పాతికేండ్లును అందరికిని ఒక్కటే. ఆ కాలమున జరిగిన వేలముపాటలొక్కటే, వచ్చిన నష్టములొక్కటే, పెక్కుమార్లు వీరు కూర్చున్న ఏసీ గదియు ఒక్కటే. కూడికలో తొమ్మిదింతలైనది ఆ గదిలోని కుర్చీల సంఖ్య మాత్రమే.

పోనిండు, కూడుదము. మన దేశమున మొదటి మొబైలు మాట 1995 జులై 31న కలకత్తానుండి ఢిల్లీకి, ముఖ్యమంత్రి జ్యోతిబసు నోటనుండి కేంద్రమంత్రి సుఖరాము చెవికి పోయినది. అనగా ఈ విద్యకు ఇచ్చట వయస్సు ముప్పదేండ్లు. ఈ దినమునుండి రెండువందల యేండ్లు వెనుకకు నడచినచో హైదరాబాదు గద్దెమీద సికందర్ జా యున్న కాలమున తేలుదుము. టెలిగ్రాఫు తీగ మన దేశమున కట్టుటకు పూనుకొన్నదే 1850లో. తీగయే పుట్టని నాడు ఈ మహనీయులు తీగ లేని వార్తల వ్యాపారమున ఆరితేరియున్నారన్నమాట!

ఈ గణితము నాకు నచ్చినందున మా వాడలో దీనిని ప్రయోగించి చూచితిని. సాయంకాలము మా యింటి యెదుటి అరుగుమీద చాటలు ముందిడుకొని బీడీలు చుట్టు స్త్రీలు పదునైదుగురు. తునికాకు కత్తిరించుట, నానిన ఆకులో పొగాకు చిటికెడు చల్లుట, చుట్టుట, దారముతో ముడి బిగించుట. వ్రేళ్లు వాని పని అవి చేసికొనుచుండగా నోరు ఊరి పని చూచుచుండును. తలకు ముప్పది యేండ్లచొప్పున నాలుగువందల యేబది యేండ్ల సంయుక్తానుభవము. అనగా 1591లో భాగ్యనగరమునకు పునాది పడకమునుపే మా వాడ బీడీలు చుట్టుచున్నది. ఈ సంగతి వారికి చెప్పగా వారిలో పెద్దామె దారము కొరికి, ‘గట్లనా? మరి నా పీఎఫ్‌ల పన్నెండేండ్లే ఉన్నయంటున్నరు గదా’ అన్నది.

ఆమె ముప్పది యేండ్లు చుట్టినది. ఒక కాగితములో ఆమె పేరు చివర ‘వ్వ’ యున్నది, మరియొక కాగితములో ‘మ్మ’ యున్నది; ఆ ఒక్క యక్షరము కొరకు పదునెనిమిదేండ్లు గాలిలో కలిసిపోయినవి. ఒక యాఫీసు మెట్లు ఆమె ఆరుమారులు ఎక్కినది, మూడుమారులు నేను వెంటపోయితిని. ఒక్క మనిషి అనుభవమును ఆ మనిషికే కూడి యిచ్చుటకు చేతగాని దేశములో తొమ్మండుగురి అనుభవమును ఒక్కటిగా కూడి గోడకెక్కించుటకు సిగ్గు లేదా?

ఇంకొక కూడికయున్నది. 2020 జనవరి 31న బీఎస్‌ఎన్‌ఎల్ నుండి స్వచ్ఛంద విరమణ పేరిట ఒక్కదినమున బయటికి వెడలినవారు డెబ్బదియెనిమిది వేలకు పైబడినవారు. తలకు పాతికేండ్లని లెక్కించినను పందొమ్మిదిన్నర లక్షల యేండ్ల సంయుక్తానుభవము. వారిలో వానలో స్తంభమెక్కి, చేతితో తీగ తడవి, ఏ పొలములో కేబులు తెగినదో వాసనచే కనిపెట్టు లైన్‌మెన్లు ఎందరో యుండిరి. ఆ పందొమ్మిదిన్నర లక్షల యేండ్లకు ఎవరును ఫోటో తీయలేదు. అది భారము, తగ్గించుకొనవలెను అనిరి. రెండువందల యేండ్లు ఆస్తియట, పందొమ్మిదిన్నర లక్షల యేండ్లు భారమట. కోటు తొడిగిన యేడాదికిని చెమట పట్టిన యేడాదికిని పన్నెండు నెలలే యుండునని మాకు బడిలో చెప్పిరి, తప్పు చెప్పిరి.

ఇక ఈ నాయకుల పూర్వాశ్రమముల సంగతి. ఈ విషయమున మనవారు అమెరికావారికి శిష్యులు. అమెరికన్ టవరు అను కంపెనీని 2020 దాక ఏలిన జేమ్స్ టైక్లెట్ పూర్వాశ్రమమున వైమానికదళమున విమానము నడిపినవాడు. ఎత్తనగా నేమో దేహముతో ఎరిగిన నాయకుడు ఈ పరిశ్రమలో ఆయనయే కాబోలు, ఆయనయు యుద్ధవిమానములు చేయు లాక్‌హీడ్ మార్టినుకు పోయెను. 2024లో అమెరికన్ టవరు గద్దె యెక్కిన స్టీవెన్ వాండ్రన్ న్యాయవాది. అచ్చటిదే మరియొక టవర్ల కంపెనీ ఎస్‌బీఏను రెండు దశాబ్దములకు పైగా నడిపిన జెఫ్రీ స్టూప్స్ న్యాయవాది. ఆయన తరువాత కూర్చున్న బ్రెండన్ కవానా లెక్కలవాడు. మన దేశమున ఫోను కంపెనీలనుండి టవర్లను విడదీసి వేరు కాపురము పెట్టించుటలో ముఖ్యుడైన భారతీవారి అఖిల్ గుప్తా చార్టర్డ్ అకౌంటెంటు. 2023లో ఇండస్ టవర్స్ పగ్గములు చేపట్టిన ప్రచుర్ సా చమురుబావుల రంగమునుండి వచ్చినవాడు. క్రిందికి త్రవ్వు విద్యకును మీదికి లేపు విద్యకును నడుమ నున్నది దిక్కు భేదమే గదా!

వీరిలో ఎవరిమీదను నాకు పగ లేదు. వకీలును, లెక్కలవాడును ఈ వ్యాపారమునకు తగినవారే. ఏలయన ఇది సిగ్నలు వ్యాపారము కాదు, కిరాయి వ్యాపారము. టవరు కంపెనీకి స్వంతమైనవి ఇనుము, చుట్టు కంచె, బ్యాటరీలు, జనరేటరు. పైన వ్రేలాడు యంత్రములును, వానిలో ప్రవహించు మాటలును కిరాయిదార్లయిన ఫోను కంపెనీలవి. ఒక గదిలో ఇద్దరిని దింపిన లాభము, ముగ్గురిని దింపిన మహాలాభము. నిజామాబాదు వినాయక్‌నగరులో ఇండ్లు కిరాయికిచ్చు ప్రతివానికిని ఈ సూత్రము తెలియును. 2007లో భారతి, వొడాఫోను, ఐడియా కలిసి, నలుబదిరెండు, నలుబదిరెండు, పదునారు పాళ్లతో ఇండసును పుట్టించినపుడు జరిగినది అన్నదమ్ములు కలిసి కిరాయిల్లు కట్టుట వంటిదే. ‘మేము ఇంటి యజమానులము, నెలనెల కిరాయి వసూలు చేయుదుము, ఒప్పందములు వ్రాయుట మాకు బాగుగా వచ్చును’ అని ఒక్కమాట వ్రాసియుండిన నేను చేయెత్తి నమస్కరించియుందును. ‘అనుసంధాన భారతమునకు దార్శనికులము’ అనిరి.

యజమానియైనను నిలుకడగా నుండునా? వియోమ్ వారి టవర్లు 2016లో అమెరికన్ టవరు, అనగా ఏటీసీ, చేతికి, ఏటీసీవారి ఇండియా ఆస్తి 2024లో కెనడావారి బ్రూక్‌ఫీల్డు చేతికి పోయినవి. కంచెకు వ్రేలాడు రేకుబోర్డు మారును. బోల్టు కదలదు.

ఎత్తైన కట్టడముల విషయమున మా చెఱకుసీమ వారు అనుభవము లేనివారు కారు. బోధనులో, శక్కర్‌నగరులో, 1937లో స్థాపింపబడి ఆసియాలోనే పెద్దదని పేరుపడిన నిజాం షుగర్సు పొగగొట్టమును చూచి మా పెద్దలు కాలము లెక్కించుకొనెడివారు. గొట్టమునుండి పొగ వచ్చినదా, బండ్లు కట్టవలెను. రాలేదా, ఆగవలెను. దాని క్రింద కుర్చీలో కూర్చున్నవాడు ఏ విశ్వవిద్యాలయమున చదివెనని ఒక్క రైతైనను అడిగియుండడు. 2002లో ప్రైవేటువారికి సగమునకు పైగా అప్పగించిరి. 2015 డిసెంబరున మూతపడినది. గొట్టము పొగ లేక నిలిచియున్నది. టవరును గూర్చియు మేము అడుగునది అంతమాత్రమే: సిగ్నలున్నదా?

ఆ శుక్రవారము లేదు. మా ప్రక్కింటి కోడలు, పసుపు ఉడుకబెట్టిన కడాయి మసి చేతులనిండ నుండగా, ‘కాకా, జెర మీ డాబా మీదికి పోయొస్త’ అని మెట్లెక్కినది. ఆమె పెనిమిటి సౌదీలో నున్నాడు. శుక్రవారము తప్ప వానికి తీరిక లేదు. నేను చూపిన మూరెడు జాగాలోనే, ట్యాంకు ప్రక్కన, ఫోను నెత్తిమీదికి ఎత్తిపట్టి నిలువబడినది. వాని ముఖము వచ్చినది. సగము నవ్వులో, ఒక కన్ను మూతపడియుండగా, ఆగిపోయినది. ‘ఇనవడుతుందా? పసుపు ఉడకవెట్టినం. అత్తకు జెరం తగ్గింది. ఇనవడుతుందా?’ అని ఆమె ఆగిన ముఖముతోనే పావుగంట మాటలాడినది. వినబడినదో లేదో తెలియలేదు. దిగిపోవునపుడు ఫోనుకంటిన పసుపును కొంగుతో తుడుచుకొన్నది.

నేను చెప్పులు తొడిగి టవరు కడకు పోయితిని. ఈ కాలమున పెక్కు టవర్లకు కావలివాడే లేడు. మా అదృష్టమున ఒకడున్నాడు. జనరేటరు ప్రక్కన ఖాళీ డీజిలు క్యానుమీద కూర్చుండియుండెను. ‘బ్యాటరీలు పోయినయ్ సారూ. డీజిల్ రేపొస్తదంటున్నరు. టికెట్ ఏసిన్రట’ అన్నాడు. ఏ ఊరికి టికెటని అడిగితిని. వాడు నవ్వలేదు. వాని జీతము కంపెనీ నుండి కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు నుండి ఉపకాంట్రాక్టరుకు, వానినుండి వీనికి, పిల్లకాలువ చివరి మడికి నీరు చేరినట్లు చేరును. ఆ నెల చేరలేదు. ఫోనులో దాచుకొన్న తొమ్మండుగురి ఫోటోలను చూపితిని. కండ్లు చికిలించి, వ్రేలితో ఒక్కొక్క ముఖమును జరిపి జరిపి చూచి, ‘వీళ్లల్ల ఒక్కలు గూడ ఇటు రాలే సారూ’ అన్నాడు.

అచ్చటనే, క్యానుమీద కాగితము పెట్టుకొని, ఆ ప్రకటనయందలి శైలి చెడకుండ, వాని బిరుదావళిని వ్రాసితిని. పేరు వ్రాయను, వ్రాసినచో ఉద్యోగము పోవును. ‘క్షేత్రస్థాయి విద్యుచ్ఛక్తి నిర్వహణమున పదునొకండేండ్ల అనుభవము. అంతర్జాతీయానుభవము: షార్జాలో నాలుగేండ్లు, సెంట్రింగు పని. యాజమాన్యపరివర్తనములను బోర్డు మేకులు తానే కొట్టి విజయవంతముగా నిర్వహించినవారు. పాములతోను, పిడుగులతోను, బ్యాటరీ దొంగలతోను వ్యవహరించుటయందు నిపుణులు. బెల్టు లేకయే నలుబది మీటర్లు ఎక్కి కాకిగూడు దింపినవారు. తీరికవేళల బ్యాంకు అప్పును గూర్చి ఆలోచించుట వీరికి అభిరుచి. భార్యతోను, ఇద్దరు బిడ్డలతోను, కొన్ని కుక్కలతోను నివసించుచున్నారు.’

చదివి వినిపింపగా అంతయు శ్రద్ధగా విని, కాకిగూడు దింపినది రెండుమారులని సవరించి, ‘ఫోటో గూడ పెడ్తరా సారూ?’ అని అడిగెను. పెట్టెదనంటిని. లేచి, లుంగీ దించుకొని, జనరేటరు ముందర నిలిచి, నా ఫోనులో చూచిన విధముననే చేతులు ఱొమ్మున కట్టుకొని, నావైపు గాక రవంత యెడమగా, డీజిలు బండి రావలసిన ధర్పల్లి దారివైపు చూచెను. ఫోటో తీసితిని. పంపుటకు డాబా యెక్కవలెను.