ఎత్తుబ్రేకు సూత్రం: టీకా తాత్పర్యాలు

మూలం: “బ్రేకు ఇడిశినంక, రేసు అందేదాంక, బండిని ఎవ్వడు వట్టుకోవాలె?”

అవతారిక: సూత్రకారుడు గోదావరిఖని వాస్తవ్యుడు, సింగరేణి ఓపెన్‌కాస్టులో డంపరు నడిపి రిటైరైనవాడు. శిష్యుడు ప్రస్తుత వ్యాఖ్యాత. నలభై దాటాక కారు కొని, ఓ వంతెన ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఆగి, మళ్లీ కదలబోయి, వెనకనున్న ఆటోకి బంపరుతో నమస్కారం పెట్టినప్పుడు పక్క సీట్లోంచి వెలువడిన వాక్యమిది. ఆటో అతను అన్న మాటలు కూడా కొన్ని ఉన్నాయి గానీ, అవి ప్రక్షిప్తాలని వదిలేశాం.

ప్రతిపదార్థం: బ్రేకు = కుడికాలి కింది ధర్మం; ఇడిశినంక = ఆ కాలు లేచిన క్షణం మొదలుకొని; రేసు = ఇంజను బలం; అందేదాంక = అది చక్రం దాకా చేరేవరకు. ఇక్కడ “తొక్కేదాంక” అనకుండా “అందేదాంక” అనడంలోనే సూత్రకారుడి ప్రౌఢిమ ఉంది. తొక్కినంత మాత్రాన అందదు. మధ్యలో క్లచ్ అనే గుమాస్తా కూర్చుని ఉంటాడు, వాడు సంతకం పెట్టాలి. అనుభవం లేనివాడు “తొక్కేదాంక” అని పాఠం దిద్దుతాడు, ఆటోని గుద్దుతాడు.

శంక: ఆ సందు ఎంతసేపని? ఒకటి రెండు సెకన్లు. అంతమాత్రానికి ఇంత వ్యాఖ్యా అంటారేమో. 10కి 1 వాలు తీసుకోండి, అంటే పది మీటర్లు పోతే మీటరు ఎత్తు లేచే దారి. పట్టు లేని బండి, ఒరిపిడిని లెక్కలోంచి తీసేస్తే, మొదటి సెకనులో అర మీటరు వెనక్కి జారుతుంది. రెండు సెకన్లు తిరిగేసరికి రెండు మీటర్లు. సెకను రెట్టింపైతే జారుడు నాలుగింతలు. ఆటోకీ నాకూ మధ్య ఆనాడు ఉన్నది ఒక సెకను సంసారం.

“ఎత్తు” అనే మాట మూలంలో లేదే అంటారా? అధ్యాహారం చేసుకోవాలి. పైగా ఈ ఊరివాడికి అది చెప్పనక్కర్లేదు. గోదావరిఖని పైకి చూస్తే చదునే. అయితే ఇంక్లైన్ అంటే బొగ్గు పొర దాకా ఏటవాలుగా దిగే బాట. 8 ఇంక్లైన్ కాలనీ, 11 ఇంక్లైన్ అంటూ ఇక్కడ వాలు పేరు లేకుండా అడ్రసే పూర్తికాదు. ఓపెన్‌కాస్టులు వచ్చాక ఆ వాలు నేలమీదికొచ్చింది. గని దారికి మామూలుగా 16కి 1 మించని వాలు ఉండాలన్నది నియమం. బండి, బొగ్గు కలిసి నూరు టన్నులనుకుంటే, ఆ మెత్తటి వాలులోనూ ఆరు టన్నులకు పైగా బలం వెనక్కి లాగుతుంటుంది.

ఇక ప్రాణపదం: “ఎవ్వడు”. వ్యాఖ్యాతలు తన్నుకున్నది ఇక్కడే. పాషాణవాదుల మతంలో ఎవ్వడు అంటే క్లీనరు. లారీ ఎత్తు మీద ఆగగానే దూకి చక్రం వెనక రాయి వేసేవాడు. మంచి మతమే గానీ, కారుకి క్లీనరుండడు. హస్తవాదులు హ్యాండ్ బ్రేక్ అంటారు: లాగి ఉంచు, హాఫ్ క్లచ్‌లో ఇంజను గొంతు మారగానే మెల్లగా వదులు. డ్రైవింగ్ స్కూళ్లు ఈ మతాన్నే బోధిస్తాయి. క్లచ్ ప్లేటు మాడిన వాసన దీని ధూపం.

నవీనులు యంత్రవాదులు. వాళ్ల కారులో వాలుని పసిగట్టే సెన్సరు ఉంటుంది. మీరు కాలు తీసినా, బ్రేకు గొట్టాల్లోని నూనె ఒత్తిడిని చిన్న వాల్వులు మూసి పట్టుకుంటాయి. ఇంజను లాగుడు వాలు లాగుడిని గెలిచిందని కంప్యూటరుకి లెక్క తేలగానే వదిలేస్తాయి. గాలి బ్రేకుల లారీల్లో నూనెకి బదులు గాలిని బంధిస్తారు, అంతే తేడా. దీనికి హిల్ హోల్డ్ అని నామధేయం. నవీనమన్నాను గానీ, 1936లోనే అమెరికా స్టూడబేకర్ కార్లలో కంప్యూటరు లేకుండా ఈ పని చేసింది ఒక గోళీ. బండి ముక్కు పైకి లేస్తే అది వెనక్కి దొర్లి నూనె దారికి అడ్డం పడేది. క్లచ్ వదిలితే తప్పుకునేది.

అమెరికా దాకా ఎందుకు? భూగర్భ గనుల్లో నిండు టబ్బుల వరసని తాడు పైకి లాగుతుంటే, ఆఖరి టబ్బు వెనక ఒక ఇనప కడ్డీ నేలని రాసుకుంటూ వస్తుంది. బ్యాక్ స్టే అంటారు, డ్రాగ్ అనీ అంటారు. పైకి పోతున్నంతసేపూ దాని పని ఈడ్చుకురావడమే. తాడు తెగి టబ్బులు వెనక్కి తిరిగాయా, కడ్డీ మొన నేలలో దిగబడుతుంది. ఆపుతుంది, లేదా పట్టాలు తప్పించైనా కిందివాళ్లని కాస్తుంది. సెన్సరు లేదు, వాల్వు లేదు. సూత్రకారుడు “ఎవ్వడు” అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నవాడు ఈ కడ్డీయేనని నా సిద్ధాంతం.

తాత్పర్యం: కాలికీ చక్రానికీ మధ్య సందులో బండికి ఒక దిక్కుండాలి.

ఇంతవరకూ రాసి సూత్రకారుడికి చదివి వినిపించాను. కొత్త కారులో హిల్ హోల్డ్ ఉందని కూడా చెప్పాను.

“ఎంతసేపు వడుతది?”

“రెండు సెకన్లు, కాకా.”

“మూడో సెకను?”

జవాబు కోసం ఆగలేదు. లేచి, తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన రాయిని తీసుకెళ్లి నా డిక్కీలో పెట్టాడు. వెనక తలుపు దభీమని మూసుకుంది.