రెఫరెన్సు నంబరు 27: సటీక తాత్పర్యం

మూలం

క్లినికల్‌ట్రయల్స్.గవ్ [ఇంటర్నెట్]. బెథెస్డా (ఎం.డి.): నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ (యు.ఎస్.). 2000 ఫిబ్ర 29 - [ఉల్లేఖితం 2025 మార్చి 30]. లభ్యం: హెచ్‌టీటీపీఎస్://క్లినికల్‌ట్రయల్స్.గవ్/.

అవతారిక

థీసిస్ చివరి పుటలను ఎవరూ చదవరని పీజీల నమ్మకం. పరీక్షకులు కొందరు అక్కడి నుంచే మొదలుపెడతారని సీనియర్ల హెచ్చరిక. ఈ రెఫరెన్సు రచనది వాంకూవర్ శైలి. 1978లో కెనడాలోని ఆ నగరంలో వైద్యపత్రికల సంపాదకులు కొందరు కూడి, వ్యాసాలు ఎలా పంపాలో తేల్చుకున్నందున ఆ పేరొచ్చింది. కామా ఎక్కడ, సెమీకోలన్ ఎక్కడ అనే సూక్ష్మ వ్యాకరణం మాత్రం అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వారి 'సైటింగ్ మెడిసిన్'లో ఉంది.

ప్రతిపదార్థం

క్లినికల్‌ట్రయల్స్.గవ్ = మనుషులపై జరుగు వైద్యప్రయోగముల నమోదు పట్టిక; [ఇంటర్నెట్] = తెరమీద చూడబడినది; బెథెస్డా = ఆ పేరుగల ఊరు; (ఎం.డి.) = మేరీలాండ్ రాష్ట్రమునందలి (రచయిత పట్టా అని కొందరు అన్వయించిరి, అది అగ్రాహ్యము); నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ = ప్రచురణకర్త; 2000 ఫిబ్ర 29 = పట్టిక జనులకు తెరువబడిన దినము; [ఉల్లేఖితం 2025 మార్చి 30] = రచయిత స్వయముగా చూచిన దినము; లభ్యం = దొరకు చోటు.

తాత్పర్యం

బెథెస్డావారు 2000 నుండి నడుపుచున్న ప్రయోగాల పట్టికను ఫలానా తేదీన తెరచి చూచితిని. ఆనాడు విశ్వావసు ఉగాది, పైగా ఆదివారం. పండగపూట కూడా రచయిత థీసిస్ ముందు కూర్చున్నాడని ధ్వని.

విశేషాలు

ఫిబ్రవరి 29 పక్కనున్న అడ్డగీతకు ప్రతిపదార్థం చెప్పకపోవడం మరుపు వల్ల కాదు. దాని కుడివైపు ఖాళీయే అర్థం. పుస్తకం అచ్చయితే ముగిసినట్టు. డేటాబేసు ముగియదు, రోజూ పెరుగుతుంది, కాబట్టి గీత గీసి వదిలేస్తారు. టైపు చేసేవారు దీన్ని పొరపాటనుకుని తీసేస్తుంటారు. తీసేస్తే ఆ పట్టిక పుట్టిననాడే పోయినట్టు!

*పూర్వపక్షం:* లింకు ఇచ్చాం గదా, చూసిన తేదీ దేనికి?

*సిద్ధాంతం:* సంకల్పంలో సంవత్సరం, మాసం, తిథి చెప్పకుండా పూజ మొదలవుతుందా? ఇదీ అంతే. ఈ పట్టికలోని వివరాలను ప్రయోగం నడిపేవారే నడుమ మారుస్తారు: ఎంతమంది రోగులు, ప్రధానంగా ఏ ఫలితాన్ని కొలుస్తారు, ఎప్పటికి ముగిస్తారు. మీరు మార్చిలో 300 మంది అని రాస్తే, జూలైలో చూసినవారికి 240 కనిపించవచ్చు. పాత పాఠాలన్నీ తేదీలవారీగా ఆ సైటులోనే భద్రం. మీ తేదీ ఉంటే పాఠకుడు మీరు చూసిన పాఠాన్నే తెరుస్తాడు. లేకుంటే మిమ్మల్ని అబద్ధీకుడంటాడు. ఒకే ప్రయోగాన్ని ఉద్దేశిస్తే ఎన్‌సీటీతో మొదలయ్యే ఎనిమిదంకెల సంఖ్యనూ చేర్చవలె. 2007లో మొదలైన మన దేశపు ప్రయోగాల పట్టిక సీటీఆర్ఐ రికార్డులకూ ఇదే టీకా.

దోషప్రకరణం

వ్యాసం చదివి, ఆధారం 'పబ్‌మెడ్' అని రాయడం మొదటి దోషం. పబ్‌మెడ్ వైద్యవ్యాసాల సూచిక, చూపుడువేలు మాత్రమే. వ్యాసానికి కర్తలున్నారు, పత్రిక ఉంది, సంపుటం ఉంది. వారినే పేర్కొనాలి. రెండోది ఇంతకంటే ఘోరం: పబ్‌మెడ్‌లో సారాంశం మాత్రం చూసి, వ్యాసమంతా చదివినట్టు ఉల్లేఖించడం. మూడోది ఇతరుల జాబితా నుంచి ఎత్తిపోత. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ 2010లో ఉపసంహరించుకుంది. పబ్‌మెడ్‌లో ఆ మాట స్పష్టంగా కనిపిస్తుంది. ఎత్తిపోసేవాడు అక్కడిదాకా వెళ్లడు, కనుక చూడడు.

పాఠాంతరాలు

వైద్యపరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సమీక్షల పరంపరకు పేరులోనే 'డేటాబేస్' ఉంది. ఆ మాట చూసి మోసపోరాదు. దాన్ని పత్రికలాగే ఉల్లేఖించాలి: సంవత్సరం, సంచిక, పుటల స్థానంలో సీడీతో మొదలయ్యే సంఖ్య. సమీక్షను సవరించినా సీడీ సంఖ్య మారదు. డీఓఐ (వ్యాసపు శాశ్వత గుర్తింపు సంఖ్య) తోక మాత్రం పబ్2, పబ్3 అని పెరుగుతుంది. ఆ తోక రాయకపోతే మీరు చదివింది ఏ పాఠమో దేవుడికే తెలియాలి.

ప్రక్షిప్తాలు

చాట్‌బాట్‌ను అడిగితే అడిగినన్ని రెఫరెన్సులు కూర్చిపెడుతుంది. కర్తలు పెద్దవారే, పత్రిక ప్రసిద్ధమే, వ్యాసం ఒక్కటే లేదు. ఇటువంటివాటిని పరిష్కర్తలు పరిహరించవలె. డీఓఐ నొక్కి చూడడమే పరీక్ష.

లక్షణవిచారం

మూలం చివరి చుక్కపై చిన్న వివాదం ఉంది. చిరునామా ఏటవాలు గీతతో ముగిస్తే చుక్క పెట్టాలి, అక్షరంతో ముగిస్తే పెట్టరాదని బెథెస్డావారి మతం. ఎందుకని అడిగిన శిష్యుణ్ణి గైడుగారు పైనుంచి కిందిదాకా చూసి, వార్డు రౌండుకు పంపారని జనశ్రుతి.