శునకశాబకసంజీవని

అవతారిక: కాళిదాసుని కావ్యములకు సంజీవని యను వ్యాఖ్య రచించిన కోలాచల మల్లినాథసూరి ఫోనుల కాలమునకు మిక్కిలి పూర్వుఁ డగుటచే, టెక్సాసు రాష్ట్రమందలి ఇర్వింగు పట్టణమున, వ్యాలీ ర్యాంచి మొదలు లాస్ కొలీనాసు వఱకుఁ గల తెలుఁగు కుటుంబములలో చేతినుండి చేతికిఁ దిరుగాడు నీ క్రింది గద్యము టీక లేక యనాథ యై యున్నది. పిల్లలు తండ్రిని వేధించుటయు, తండ్రి దీనిని చదువుటయు, మఱునాఁడే కుక్కపిల్ల గడప దాఁటి వచ్చుటయు వరుసగా జరుగుచుండుటం జూచి, చదువుటకును తెచ్చుటకును నడుమ కొంత యెడము కల్పింపఁదలఁచి యీ వ్యాఖ్యకుఁ బూనితిమి.

మూలము: మాల్టీపూ పిల్లలు కలవు. ఎఫ్ వన్ బీ. ఎనిమిది వారములు. బొచ్చు రాలదు, ఎలర్జీ లేదు. అపార్టుమెంటుకు తగును. ముందు వచ్చినవారికే.

ప్రతిపదార్థము: మాల్టీపూ = మాల్టా ద్వీపము పేరఁ బరఁగు మాల్టీసునకును పూడిలునకును గలిగిన సంకరసంతానము; ఎనిమిది వారములు = పాలు విడిచి, తోఁబుట్టువులతోఁ బెనఁగులాడి, కఱచుటలోని మితమును నేర్చిన వయస్సు; ముందు వచ్చినవారికే = ఆలోచింపక వచ్చినవారికే.

టీక: ఎఫ్ వన్ బీ యను మాట చెవిఁ బడఁగనే ఇర్వింగు పాఠకుఁ డులికిపడును. ఎఫ్ వన్ వీసాతో విమానము దిగి, హెచ్ వన్ బీ కొఱకు లాటరీలోఁ బేరు వేసి, యేటేట నిరీక్షించినవానికి, ఆ రెండక్షరభాగ్యములును కలిసి యొక కుక్కపిల్లకు దక్కుట యన్యాయముగాఁ దోఁచుట సహజమే. ఇచ్చట నర్థము వేఱు. రెండు శుద్ధజాతుల తొలి సంతానము ఎఫ్ వన్. దానిని మఱల పూడిలుతో జతపఱుపఁగాఁ బుట్టినది ఎఫ్ వన్ బీ, లెక్కకు ముప్పాతిక పూడిలు. లెక్కకు మాత్రమే, ఒక్క ఈతలోని పిల్లలలోనే యొకదానికి ఉంగరముల జుత్తును వేఱొకదానికిఁ దిన్నని జుత్తును రావచ్చును.

ఎలర్జీ లేదు: ఇది మూలకర్త యత్యుక్తి. ఆస్ట్రేలియాలో అంధులకు దారిచూపు శునకములను తీర్చు సంస్థయందలి వాలీ కాన్రన్, 1989 ప్రాంతమున, హవాయి ద్వీపవాసిని యగు నొక యంధురాలి కొఱకు, కుక్కలు సరిపడని యామె భర్తను దృష్టియం దుంచుకొని, లాబ్రడారును పూడిలుతో జతపఱచెను. మూఁడు పిల్లలు కలిగెను. వాని జుత్తును లాలాజలమును హవాయికిఁ బంపి పరీక్షింపఁగా నొక్కటి మాత్రమే యాయనకు సరిపడెను. లోకమునకుఁ బూడిలు సంకరముల వ్యామోహము నంటించిన ప్రయోగమే మూఁటికి రెండు తప్పినది. ఆ కాన్రన్ మహాశయుఁడే పిదప తన పనికిఁ బశ్చాత్తాపపడెను. ఎలర్జీ పుట్టించు మాంసకృత్తులు లాలాజలమునందును చర్మపుఁ బొలుసులయందును ఉండుటచే, బొచ్చు రాలకున్న మాత్రమునఁ దుమ్ములు మానవు. ఇంట ఉబ్బసము గలవారుండిన, ఏ పిల్లను తెత్తురో యా పిల్లతోనే పలుమాఱులు కూర్చుండి చూడవలెను.

బొచ్చు రాలదు: చాలవఱకు సత్యము. రాలవలసిన వెండ్రుక రాలక జడలు కట్టును. దినదినము దువ్వెనయు, నెలకో నెలన్నరకో క్షౌరమును తప్పవు.

అపార్టుమెంటుకు తగును: తగునో తగదో నిర్ణయించునది లీజు. పెట్ డిపాజిటు వేఱు, నెలనెల పెట్ రెంటు వేఱు. ఇర్వింగులో అద్దె లేక నిలిచిన జంతువులు విలియమ్సు స్క్వేరు నీటిపాయలో రాబర్టు గ్లెన్ శిల్పి నిలిపిన తొమ్మిది కంచు గుఱ్ఱములే.

అధ్యాహారము: మూలమునఁ దల్లి ప్రసక్తి లేదు, వ్యాఖ్యాత పూరింపవలసిన పద మదియే. పొరుగున నున్న డల్లాసు నగరసభ దుకాణములలోఁ గుక్కలను పిల్లులను అమ్మరాదని 2022లో శాసించెను గాని, ఫోనులోని బేరమున కా శాసనము అడ్డురాదు. కావునఁ బుట్టినచోటికే పోయి తల్లిని చూడవలెను. అది జంకునా, మొఱుగునా, దగ్గఱకు వచ్చునా? పార్కింగు లాటులోఁ జేతికిత్తు మనువారికి దూరమునుండియే నమస్కారము. రెండు జాతులు కలిసినచో దోషములు తొలఁగు ననుట సగము సత్యము. మోకాలిచిప్ప తప్పుట మాల్టీసునకును పూడిలునకును గూడఁ గలదు గనుక, తల్లిదండ్రుల పరీక్షాపత్రముల నడుగవలెను. అక్షరములతోఁ బని లేనివారికి ఇర్వింగు నగరపాలకుల జంతుశరణాలయములో, వంశ మెవ్వరును చెప్పఁజాలని సంకరములు కాచుకొని యున్నవి. మా యభిమానము వానియందే.

గృహసన్నాహము: గిన్నె, పడక, బోనులకంటె ముందు సిద్ధపఱుపవలసినది విజిటరు వీసాపై వచ్చియున్న అమ్మమ్మగారిని. ఆమె యనుగ్రహమే ప్రమాదము. పాయసములోని కిస్‌మిస్ మూత్రపిండములను, పులుసులోని యుల్లి రక్తకణములను చెఱచును. తాలింపు పడని పెరుగన్నము పిడికెఁడైనఁ బెట్టనీయవచ్చును. పార్వో మొదలగు టీకాల వరుస పదునాఱు వారములవఱకు సాగును. అది ముగియువఱకు పదికుక్కలు తిరుగు పచ్చికపై దింపరాదు. రేబీసు టీకా పదునాఱు వారములలోఁ బడవలెనని టెక్సాసు శాసనము. దోమలు గుండెలో పురుగులను నాటు సీమ గనుక నెలనెల మాత్ర వేయవలెను. జూలై మధ్యాహ్నమునఁ దారురోడ్డుపై నఱచేయి నిలుపలేనివారు కుక్కపిల్లను నడపింపరాదు.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో “ముందు వచ్చినవారికే” యనుటకు మాఱుగా “ఈ వారమే” యని కలదు. మూఁడు నెలల పిమ్మట వచ్చిన ప్రతియందును అవే ఛాయాచిత్రములు, అవే పిల్లలు, “ఎనిమిది వారములు” అనియే యుండుటంబట్టి, ఇవి జరామరణములు లేని దేవతాశునకము లని యొక వ్యాఖ్యాత. అడ్వాన్సు పంపినవారు మఱియొక యర్థము చెప్పుదురు.