ప్రొఫెసరు గారి మైండ్‌సెట్

మన శాస్త్రవేత్తలకు పట్టిన జబ్బేమిటో ఎట్టకేలకు కనిపెట్టేశారు. మైండ్‌సెట్. ల్యాబులో ఫ్రీజరు చచ్చి పడి ఉండటం కాదు, రీసెర్చి స్కాలరుకు నెలల తరబడి ఫెలోషిప్పు పడకపోవడం కాదు, రిటైరైన వాళ్ల కుర్చీలు ఏళ్లకేళ్లు ఖాళీగా ఉండటం అసలే కాదు. ప్రొఫెసరు గారికి వ్యాపార దృష్టి లేదట. అదొక్కటి కలిగిస్తే చాలు, బీకరులోంచి కంపెనీ పొంగుకొచ్చేస్తుంది. మందు కూడా తయారుగా ఉంది: రెండు రోజుల వర్క్‌షాపు, భోజనంతో సహా.

ఏ క్యాంపస్‌లో చూసినా ఈ మందు వేసే పద్ధతి ఒకటే. సెమినారు హాలు ముందు ఫ్లెక్సీ. దాని మీద ముఖ్య అతిథి బొమ్మ నిలువెత్తున, ప్రిన్సిపాల్‌ది కాస్త చిన్నగా, సైన్సు చేసేవాళ్లది ఎక్కడా ఉండదు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, శాలువా, మెమెంటో అయ్యాక మెంటరు గారు మైకు అందుకుంటారు. ఆయన బోలెడు కంపెనీలకు సలహాదారు. ఆయన పెట్టి, జీతాలిచ్చి, జీఎస్టీ కట్టి నడిపిన కంపెనీ ఏదని అడక్కూడదు, అది సభామర్యాద కాదు. 'ఫెయిల్ ఫాస్ట్' అంటూ మొదలుపెడతారు. వెనక వరసలో నాలుగేళ్లుగా ఒకే ప్రోటీనుతో కుస్తీ పడుతున్న కుర్రాడు కూర్చుని ఉంటాడు. ఫెయిలవడం గురించి అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఫాస్టుగా కావడమే కుదరడం లేదు, ఎందుకంటే అడిగిన ఎంజైము కొటేషన్ల దగ్గరే ఆగింది.

చివర్లో అందరూ బొటనవేళ్లెత్తి ఫొటో దిగుతారు. ఫొటో జియోట్యాగ్ అయి ఉండాలి. 2018లో కేంద్రం మొదలుపెట్టిన ఇన్‌స్టిట్యూషన్స్ ఇన్నోవేషన్ కౌన్సిల్ పోర్టల్లో ఏ త్రైమాసికానికి ఆ త్రైమాసికం కార్యక్రమాల నివేదికలు ఎక్కించాలి, ఎక్కిస్తే స్టార్లు వస్తాయి. పుట్టిన కంపెనీ సంగతి తర్వాత, పురుడు ఫొటో ముఖ్యం.

పేటెంట్ల కథ ఇంకా రంజుగా ఉంటుంది. 2021లో విద్యాసంస్థలకు పేటెంటు ఫీజులు 80 శాతం తగ్గించారు. మంచి పనే. అయితే ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ వారు మంజూరైన పేటెంటుకే కాదు, ప్రచురితమైన దరఖాస్తుకూ మార్కులు వేస్తారు. మామూలుగా దరఖాస్తు ప్రచురణకు 18 నెలలు పడుతుంది. ఫారం 9 పెట్టి ఫీజు కడితే నెల తిరిగేలోపే శుక్రవారం జర్నల్లో వచ్చేస్తుంది. అందులో కొత్తదనం ఉందా లేదా అని అప్పటికి ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించమని ఫారం 18 పెట్టాలి, దానికి వేరే ఫీజు. ఆ ఫీజు ఎవడు కడతాడు, మార్కులు వచ్చేశాక? 'కృత్రిమ మేధ, ఐఓటీ ఆధారిత స్మార్ట్ చెత్తబుట్ట'కు పదిమంది ఆవిష్కర్తలు. వాట్సాప్ గ్రూపుల్లో ఆవిష్కర్తల స్థానాలు బస్సులో సీట్లమ్మినట్టు అమ్ముడుపోతాయి, కిటికీ పక్కదైతే రేటు ఎక్కువ. సాయంత్రానికి 'మా అధ్యాపకుడికి పేటెంట్' అని జిల్లా పేజీలో వార్త. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇక ఇంక్యుబేషన్ సెంటరు. గోడ మీద వెలుగుతున్న బల్బు బొమ్మ, నేల మీద రంగురంగుల బీన్‌బ్యాగులు, మూలన త్రీడీ ప్రింటరు. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. అందులో వేసే ఫిలమెంటుకు ఇండెంటు పెట్టారు, ఫైలు అకౌంట్స్ సెక్షన్లో ఉంది. అధ్యాపకుల స్టార్టప్పుల కోసం 2019లో వచ్చిన జాతీయ విధానం ప్రకారం, ఇచ్చిన సదుపాయాలకు బదులుగా సంస్థ ఆ కంపెనీలో 2 నుంచి 9.5 శాతం వాటా తీసుకోవచ్చు. పద్ధతిగా ల్యాబు ఇచ్చిన చోట అది న్యాయమైన బేరమే. బీన్‌బ్యాగుకు ఎంత శాతమో కూడా రాసి ఉంటే బాగుండేది. అధ్యాపకుడు కంపెనీ కోసం సెలవు తీసుకోవచ్చని కూడా అందులోనే ఉంది. తీసుకుంటే థర్డ్ ఇయర్ క్లాసులు ఎవరు చెప్పాలో లేదు.

సైన్సు కంపెనీగా మారడం మనకు తెలియని విద్య కాదు. హైదరాబాదులోనే జరిగింది. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఆయన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత కణ, అణు జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం సీసీఎంబీ ఆవరణలో సాగింది. బ్యాంకులు మొహం చాటేస్తే ఒమన్ విదేశాంగ మంత్రి పెట్టుబడి ఆదుకుంది. హెపటైటిస్-బి టీకా 1997 ఆగస్టులో బజారుకొచ్చింది, దిగుమతి టీకా ధరలు దిగొచ్చాయి. సీసీఎంబీ ఆయనకిచ్చింది చోటు, ల్యాబు, పక్క గదిలో తెలిసిన మనిషి. శాలువా కాదు.

రోటావైరస్ టీకా రోటావాక్‌ది ఇంకా పొడుగు కథ. 1980ల నడుమ ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం, రోటావైరస్ సోకినా విరేచనాలు పట్టని పసికందుల్లో 116ఈ అనే రకాన్ని గుర్తించింది. దాన్ని జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ టీకాగా మలిచింది. చివరి దశ పరీక్షల్లో దాదాపు 6,800 మంది పిల్లలు. టీకా విడుదలైంది 2015 మార్చిలో. డోసు డాలరు. ఇప్పుడు భాన్ గారిని 1986లో మన డెమో డే జ్యూరీ ముందు నిలబెట్టండి. మూడు నిమిషాలు, పది స్లైడ్లు.

"సార్, రెవెన్యూ ఎప్పుడు?"

"ముప్పై ఏళ్లకు రావచ్చు."

"ట్రాక్షన్?"

"విరేచనాలు పట్టని పసిపిల్లలు, సార్."

"యాప్ ఉందా?"

లేదనగానే జ్యూరీ వారు మర్యాదగా నవ్వి, మైండ్‌సెట్ వర్క్‌షాపుకు పంపించి ఉండేవారు. మొదటి బహుమతి చెత్తబుట్టకు.

కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వారు స్టార్టప్పులకిచ్చే 'బిగ్' గ్రాంటును వెక్కిరించను. 50 లక్షల దాకా, 18 నెలలకు ఇస్తారు, దాంతో నిలదొక్కుకున్నవాళ్లున్నారు. పుణె జాతీయ రసాయన ప్రయోగశాల (ఎన్‌సీఎల్) ఆవరణలో 2007 నుంచి నడుస్తున్న వెంచర్ సెంటరు కొత్త కంపెనీలకు ల్యాబు చోటూ పరికరాలూ అద్దెకిస్తుంది, అదీ సాయమే. 2025లో కేంద్రం పరిశోధనా సంస్థలకు ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్లోనే కొనాలన్న నిర్బంధం సడలించింది. అన్ని మైండ్‌సెట్ వర్క్‌షాపులూ కలిసి చేయలేని మేలు ఆ ఒక్క ఉత్తర్వు చేసి ఉంటుంది. దానికి మాత్రం ఏ క్యాంపస్‌లోనూ ఫ్లెక్సీ కట్టలేదు.

వర్క్‌షాపులు మానేయమని నేననను, క్యాటరింగు వాళ్లూ బతకాలి. నాదొక చిన్న విన్నపం. మెంటరు గారికి ఇకమీదట విమానం టికెట్టు, పారితోషికం వద్దు. ఆయన తీర్చిదిద్దిన కంపెనీలో అర శాతం వాటా రాసిద్దాం. ముప్పై ఏళ్లు ఓపిక పడితే బాగానే ముడుతుంది. వచ్చే నెల సదస్సుకు ఎవరెవరు ఒప్పుకుంటారో చూసి భోజనాలకు ఆర్డరిద్దాం.