చట్నీకి 10 రూపాయలు

‘ఎక్స్‌ట్రా చట్నీ 10/-. దయచేసి సహకరించగలరు.’

మా గల్లీ చివరి టిఫిన్ బండికి ఈ అట్టముక్క వేలాడదీసినప్పటి నుంచి నాకు చదువు మీద మనసు నిలవడం లేదు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాడి మనసు చెదరాలంటే నోటిఫికేషన్ రాకపోవడమో, రాసిన పరీక్ష రద్దవడమో, ఫలితాలు కోర్టులో చిక్కుకోవడమో జరగాలి. నన్ను మాత్రం పల్లీ చట్నీ పట్టుకుంది.

ప్లేటు ఇడ్లీ 40 రూపాయలు, నాలుగొస్తాయి. చట్నీ మూడో ఇడ్లీ సగంలో అయిపోతుంది. ఇందులో నా తిండిపోతుతనం ఏమీ లేదు, అంతా గరిటె మహిమ. రెండున్నర ఇడ్లీలకు సరిగ్గా సరిపోయే లోతుతో ఎవరో కూర్చుని కొలిచి మరీ చేయించారు దాన్ని. మిగతా ఒకటిన్నర ఇడ్లీ కోసం సిగ్గు విడిచి చెయ్యి చాపాలి. మొన్నటిదాకా సిగ్గొక్కటి విడిస్తే సరిపోయేది. ఇప్పుడు దాని మీద 10 రూపాయలు కూడా.

“అన్నా, జర చట్నీ…”

“తమ్మీ, బోర్డు సూడలే?”

“సూసిన.”

“మరి?”

ఆ ‘మరి’కి ఇంతవరకు నాకు జవాబు దొరకలేదు. సాంబారు మాత్రం ఎంతైనా పోస్తాడు, బకెట్టు అక్కడే ఉంటుంది. కందిపప్పు పేరు ఎప్పుడో విన్న వేడినీళ్లవి.

పోనీ 10 రూపాయలు పారేద్దామంటే, పక్కనే ఆ స్కానింగ్ డబ్బా. ఫోన్ అలా చూపించానో లేదో, ‘పది రూపాయలు అందాయి’ అని గల్లీ అంతా వినేలా అరుస్తుంది. పొద్దున ఎనిమిదింటికి 10 రూపాయలకు ఏమొస్తుందో అక్కడున్న అందరికీ తెలుసు. తలలు తిరుగుతాయి. వీడేరా చట్నీ కొనుక్కున్నవాడు! 1892లో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో గిరీశం పూటకూళ్లమ్మ ఇంట్లో ఊరికే భోంచేశాడు. చివరికి ఆవిడ చీపురు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. కానీ ఆ చీపురు వచ్చేలోగా ఎన్ని పూటలు గడిచాయి! ఈ డబ్బాతో ఒక్క పూట గడవదు.

రాత్రిపూట సంగతి వేరు. రూములో రైస్ కుక్కర్ ఉంది, కూర మాత్రం కర్రీ పాయింట్‌లో. కర్రీ పాయింట్ అనగానే అందరూ రుచి గురించి, సోడా గురించి, నూనె గురించి మాట్లాడతారు. అసలు విషయం ముడి.

ఆయన గరిటెన్నర పప్పు కవర్లో పోస్తాడు. దాని మెడ పట్టుకుని గిర్రున ఒక తిప్పు తిప్పుతాడు. ఆ తిప్పులో కవరు నిండా గాలి చేరి, గరిటెన్నర పప్పు కాస్తా అరకిలోలా ఉబ్బుతుంది. మేకుకు వేలాడే ఉండలోంచి దారం లాగి, మెడ చుట్టూ అయిదారు చుట్లు బిర్రుగా బిగించి, వేళ్లతోనే పుటుక్కున తెంపుతాడు. ఆ కొస ఎక్కడికి పోతుందో ఆయనకే తెలియాలి. ముడి వేశాడో లేదో కూడా చెప్పలేం. నా అనుమానం, అది ముడి కాదు. వట్టి చుట్లే. అయినా రాదు. గోళ్లతో రాదు. పళ్లతో రాదు, వచ్చినా పప్పు ముందు చొక్కాకి, తర్వాతే నోటికి. మా రూమ్మేట్లలో ఒకడు దారాన్ని కొవ్వొత్తితో కాల్చాడు, కవరు కరిగింది. ఇంకొకడు బీటెక్ మెకానికల్. దారం చుట్టిన దిక్కు కనిపెట్టి ఎదురు తిప్పాలంటాడు. ఎదురు తిప్పుతూ తిప్పుతూ అన్నం చల్లారబెడతాడు. దిక్కు మాత్రం ఇంకా తేలలేదు. కత్తెర ఉంది కదా అంటారేమో. బ్యాచిలర్ల రూములో కత్తెర ఉంటుంది, కనపడదు. నేను కవరు అడుగున ఒక మూల పెన్ను మొనతో చిన్న బెజ్జం పెట్టే పద్ధతి కనిపెట్టాను. ధార బాగానే వస్తుంది, ఎటొస్తుందన్నది మాత్రం మన చేతిలో ఉండదు. పాత పుస్తకాల షాపులో సగం ధరకు కొన్న లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకంలో మిరియాల రసం సరిగ్గా 21వ అధికరణ మీద పడింది. జీవించే హక్కు. ఆ పేజీ ఇప్పటికీ ఘాటుగానే ఉంటుంది.

ఎక్కడున్నాం? చట్నీ దగ్గర.

మధ్యాహ్నానికైతే 5 రూపాయల భోజనం ఉంది. 2014 నుంచి జీహెచ్‌ఎంసీ వాళ్లు పెడుతున్నారు. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. అక్కడ ఎవరికైనా అదే గరిటె కాబట్టి అలగడానికేమీ ఉండదు. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ వదిలి వెళ్లడమే కష్టం. వదిలితే వచ్చేసరికి అందులో ఇంకో భావి డిప్యూటీ కలెక్టరు ఉంటాడు.

మొన్న ఒక రోజు లేటుగా లేచి పదకొండింటికి బండి దగ్గరకు వెళ్లాను. గిన్నెలు తోమేశారు. ఆయన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, విరిగిపోయి అమ్ముడుపోని ఇడ్లీలను కారప్పొడిలో అద్దుకుని తింటున్నాడు. పొయ్యి వేడికి మోచేతి దాకా చర్మం నల్లగా కమిలింది.

“చట్నీ లేదా అన్నా?”

“మీరు మిగిలిస్తే గద తమ్మీ.”

వాళ్లబ్బాయి పాలమూరులో ఇంటర్ చదువుతున్నాడట. ‘హాస్టల్ల సరిగ పెడ్తలేరంట, ఫోన్ జేసి ఒక్కటే గునుసుడు’ అన్నాడు. అక్కడెవడో గరిటె పట్టుకుని వీళ్లబ్బాయికి కొలిచి పోస్తుంటే, ఆ కోపం ఈయన ఇక్కడ మా మీద తీర్చుకోవచ్చు. తీర్చుకోవడం లేదు. పల్లీల ధర తట్టుకోలేక అట్ట రాయించాడంతే. నాకేం మాట్లాడాలో తోచలేదు. ఉన్నవాటిలో రెండు ఇడ్లీలు నా ప్లేటులో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు.

అయినా 10 రూపాయలు ఎక్కువే. 5 పెట్టొచ్చు.

మర్నాడు పొద్దున సహకరిద్దామనే వెళ్లాను. స్కాన్ చేశాను, డబ్బా అరిచింది, తలలు తిరిగాయి. ఆయన నిండు గరిటె వేశాడు. నాలుగో ఇడ్లీ అయ్యేసరికి ఇంకా సగం చట్నీ మిగిలే ఉంది. 10 రూపాయల చట్నీని వదిలేసి ఎలా లేస్తాం?

“అన్నా, ఒక్క ఇడ్లీ.”

“సింగిల్ ఇయ్యం తమ్మీ. ప్లేటే.”