గుమ్మం బయట నేను

నేను కుడికాలి చెప్పుని. దుకాణంలో నా పేరు ఎం.సి.ఆర్., అంటే మైక్రోసెల్యులార్ రబ్బరు. ఊళ్లో అందరికీ ‘షుగరు చెప్పు’ని. అందగాణ్ణేం కాదు. మందపాటి అడుగు, వెడల్పాటి పట్టీలు, మడమ వెనక ఇంకో పట్టీ. కోడలు నన్ను తెచ్చిన రోజే మాస్టారు “ఇవేంటమ్మా, ఆస్పత్రి చెప్పులు!” అని మొహం చిట్లించారు. పెళ్లిళ్లకి నన్ను వదిలేసి, ముక్కు సన్నటి బూట్లు బిగించుకునే వెళ్లేవారు.

ఆయన అలా అన్నా, నా వంశం తక్కువదేం కాదు. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చాడు. కుష్ఠు సోకిన పాదాలు వాటంతటవే కుళ్లిపోతాయని అప్పట్లో లోకం నమ్మేది. నొప్పి తెలియక, పుండు మీదే నడవడం వల్ల అవి పాడవుతున్నాయని ఆయన గుర్తించాడు. ఆ పాదాల కోసమే అక్కడ మెత్తటి రబ్బరు చెప్పులు చేయించారు. షుగరుతో మొద్దుబారిన పాదాలకూ అవే అక్కరకొచ్చాయి. నా ఒంట్లో ఒక్క మేకు లేదు, వేళ్ల సందున ఒరుసుకునే బొడిపె లేదు. నా పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

వెనక పట్టీ ఎందుకంటే, నాకు ముందున్న హవాయి జతలో ఒకటి వీధి మలుపులో జారిపోయింది. మాస్టారు ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా ఇంటిదాకా నడిచొచ్చారు. గుమ్మం దగ్గర విప్పబోయేదాకా ఆ సంగతే తెలియలేదట.

డాక్టరు గారి దగ్గర నేను కుర్చీ కింద ఉండి చూశాను. మాస్టారిని కళ్లు మూసుకోమని, ఓ నైలాన్ పోగుని అరికాలికి ఆనించి వంగేదాకా నొక్కారు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే పోగది. తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. కాసేపయ్యాక మాస్టారు, “ఇక మొదలెట్టండి డాక్టరు గారూ” అన్నారు. అప్పటికి పరీక్ష అయిపోయింది.

అంత మొద్దు కాళ్లూ రాత్రయితే మండుతాయి. కిటికీలోంచి నాకు వినిపించేది: “కాళ్లు మండిపోతున్నాయే...” సూదులు గుచ్చినట్టు పోట్లు, తిమ్మిర్లు. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేరు. అమ్మగారు లేచి తడిగుడ్డ వేస్తారు. తెల్లారాక చూస్తే వాపు లేదు, గాయం లేదు, పాదాలు నిక్షేపంలా ఉంటాయి. చూడొచ్చిన చుట్టాలు “వయసు కదండీ” అనేసి కాఫీ తాగుతారు. ఈ మాటంటే నాకు ఒళ్లు మంట. చెడిన నరం ఏమీ తగలకుండానే మంటని చెబుతుంది. నిజంగా నిప్పు తగిలితే నోరెత్తదు. అన్నిటికన్నా పొడుగైన నరాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి కాలివేళ్లతో మొదలవుతుంది. రాత్రి వేసుకునే ప్రీగాబలిన్ మాత్ర మంటని తగ్గిస్తుంది గాని నరాన్ని బాగుచేయదు. పొద్దున్న పదింటిదాకా మత్తు అదనం. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బి12 తగ్గి తిమ్మిర్లు పెరగొచ్చని డాక్టరు గారు ఆ పరీక్ష కూడా రాశారు.

నా అసలు బాధ వేరే. మన ఇళ్లలో చెప్పు జాగా గుమ్మం బయట. గుడికెళ్తే గాలిగోపురం బయట. కాపలా కాయాల్సిన చోటల్లా నన్ను విప్పేసి లోపలికెళ్తారు. మే నెల మిట్టమధ్యాహ్నం, శివాలయంలో బండలు పెనాల్లా కాలుతున్నాయి. తక్కినవాళ్లు కాళ్లెత్తి గెంతుతూ తిరుగుతుంటే, మా మాస్టారు తాపీగా ప్రదక్షిణాలు చేశారు. ఎవరో ఆయన భక్తిని మెచ్చుకున్నారు కూడా. సాయంత్రం కోడలు వరండా టైల్సు మీద తడి అడుగులు చూసింది. అన్నీ కుడికాలివే. నీళ్లేమో అనుకుని తుడవబోయి, ఆయన పాదం ఎత్తి చూసింది. అరికాల్లో బొబ్బ చితికిపోయి ఉంది. “ఏమీ నొప్పి లేదే!” అన్నారు మాస్టారు.

పుండు మానడానికి నెలలు పట్టింది. పాదం మీద బరువు పడకూడదని కట్టు కట్టి కూర్చోబెట్టారు. అంతకాలం ఎడమది పని చేసింది, నేను దుమ్ము తిన్నాను.

తిరిగి తొడిగాక కోడలు నా అడుగుని వేళ్లతో నొక్కి చూసింది. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది, పైకి లేవలేదు. “అణిగిపోయింది మావయ్యా, ఇంక పనికిరాదు” అంది. “పట్టీలు నవనవలాడుతున్నాయి కదమ్మా, ఇంకో ఏడాది లాగుతాయి” అన్నారాయన. నన్ను వెనకేసుకొచ్చింది ఆ ఒక్కసారే, అదీ తప్పు కారణానికి. అణిగిన రబ్బరు ఆ పాదానికి గచ్చుతో సమానం.

ఇప్పుడు నేను పెరట్లో మోటారు స్విచ్చి కింద ఉంటాను. ఎవరి కాలు దొరికితే వాళ్లకి చెప్పుని. కొత్తగా రెండు జతలొచ్చాయి; అందులో ఒకటి ఇంట్లో తిరగడానికేనట! వంటింటిదాకా, మంచందాకా వెళ్తుంది. నాకు కుళ్లుగానే ఉంది. పూజగది దగ్గర మాత్రం పేచీ తెగలేదు. దేవుడి గదిలోకి చెప్పులేంటని మాస్టారు, గుడ్డతో కుట్టించిన మెత్తటి జోళ్లయినా తొడుక్కోండని అమ్మగారు. నిన్న కూడా ఆ గొడవే. మోటారు వేయడానికొచ్చిన కోడలు నామీద నిలబడి అంతా విని, “దర్జీని పిలుస్తున్నానత్తయ్యా” అని కేకేసింది.